పీజేలింక్ సమీక్ష: నెట్‌వర్క్ నుంచి ప్రొజెక్టర్‌ని నడపడానికి ఇది సరిపోతుందా?

కంప్యూటర్ ముందు కూర్చుని ప్రొజెక్టర్‌ని ఆన్, ఆఫ్ చేయడం, ఇన్‌పుట్ మార్చడం, తెరను కాసేపు నల్లగా ఉంచడం, దీపం ఎన్ని గంటలు వెలిగిందో చూడటం. మీకు కావాల్సింది ఇంతే అయితే పీజేలింక్ సరిపోతుంది, వేరే ఏమీ కొనక్కర్లేదు. లెన్స్ జరపాలన్నా, ఫోకస్ సరిచేయాలన్నా, రంగులు మార్చాలన్నా మాత్రం ఇది పనికిరాదు. ఒకే గదిలో ఒకే ప్రొజెక్టర్ ఉండి రిమోట్ చేతికందేలా ఉంటే దీని జోలికి వెళ్లే అవసరమే లేదు. మూడు నాలుగు గదులున్నా, ప్రొజెక్టర్ నిచ్చెన వేస్తే తప్ప అందని ఎత్తులో ఉన్నా, ప్రతి సాయంత్రం అన్నీ ఆఫ్ అయ్యాయో లేదో ఎవరో ఒకరు తిరిగి చూడాల్సి వస్తున్నా, ఇది తప్పకుండా పెట్టుకోవాల్సిన ఏర్పాటు.

పీజేలింక్ అనేది ఒక పెట్టె కాదు, ఒక యాప్ కూడా కాదు. జపాన్‌లోని వ్యాపార యంత్రాల తయారీదారుల సంఘం జేబీఎంఐఏ తయారుచేసిన ఒక ఉమ్మడి భాష. ఎప్సన్, సోనీ, పానసోనిక్, ఎన్ఈసీ లాంటి వేర్వేరు కంపెనీల ప్రొజెక్టర్లు ఒకే రకం ఆదేశాన్ని అర్థం చేసుకునేలా చేయడమే దాని పని. ప్రొజెక్టర్‌కి లాన్ సాకెట్ ఉండి, మెనూలో పీజేలింక్ అనే మాట కనిపిస్తే మీకది ఇప్పటికే ఉన్నట్టే. సంభాషణ అంతా టీసీపీ 4352 పోర్టు మీద, అంటే నెట్‌వర్క్‌లో ఈ మాటల కోసమే ఉన్న నంబరు తలుపు గుండా నడుస్తుంది.

బొమ్మ వెళ్లే దారి వేరు, ఆదేశం వెళ్లే దారి వేరు. మొదటిసారి పెట్టుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పీజేలింక్ బొమ్మను పంపదు. బొమ్మ ఎప్పటిలాగే హెచ్‌డీఎంఐలోనో మరో దారిలోనో వెళ్తుంది, లాన్ వైరు పక్కన విడిగా ఉంటుంది. రెండూ ఒకే గదిలో ఉన్న ఒకే కంప్యూటర్ నుంచి రావాలని కూడా లేదు. వేదిక మీద ల్యాప్‌టాప్ బొమ్మను పంపుతుంటే, కంట్రోల్ గదిలో ఉన్న మరో కంప్యూటర్ అదే ప్రొజెక్టర్‌ని ఆన్ చేయొచ్చు.

ఇక్కడ ఒక సాకెట్ గురించి హెచ్చరిక. పెద్ద ప్రొజెక్టర్లలో హెచ్‌డీబేస్‌టీ అనే సాకెట్ ఉంటుంది. చూడటానికి అచ్చం లాన్ సాకెట్‌లాగే ఉంటుంది, అదే క్యాట్ 6 వైరు అందులో దూరుతుంది. కానీ అది ఈథర్‌నెట్ కాదు. దాన్ని తీసుకెళ్లి నెట్‌వర్క్ స్విచ్‌లో గుచ్చితే ఏమీ పనిచేయదు. అవతలి చివర హెచ్‌డీబేస్‌టీ ట్రాన్స్‌మిటరే ఉండాలి. ఆ ట్రాన్స్‌మిటర్‌కి లాన్ సాకెట్ కూడా ఉంటే బొమ్మ, ధ్వని, నెట్‌వర్క్, సీరియల్ ఆదేశాలు అన్నీ ఆ ఒక్క వైరులోనే వెళ్తాయి. చాలా సౌకర్యం. అయితే కొన్ని ప్రొజెక్టర్లలో లాన్‌ని హెచ్‌డీబేస్‌టీ ద్వారా తీసుకోవాలని మెనూలో విడిగా చెప్పాలి. అలా చెప్పగానే మామూలు లాన్ సాకెట్ మూగబోతుంది. పనిచేస్తున్న వైరు ఉన్నట్టుండి చచ్చిపోయిందంటే ముందు ఈ సెట్టింగే చూడండి.

పెట్టుకునే పని పదిహేను నిమిషాలకు మించదు. ముందుగా నెట్‌వర్క్ మెనూలో చిరునామా సంగతి తేల్చాలి. చిరునామాలను రౌటరే పంచే డీహెచ్‌సీపీకి వదిలేస్తే ప్రొజెక్టర్‌కి ఏదో ఒకరోజు కొత్త చిరునామా వస్తుంది, మీ ప్రోగ్రాం పాత చిరునామాకే ఆదేశాలు పంపుతూ ఉంటుంది. అందుకని రౌటర్‌లో ఆ ప్రొజెక్టర్ మ్యాక్ చిరునామాకి (యంత్రానికి తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్యకి) ఒక ఐపీని, అంటే నెట్‌వర్క్ చిరునామాను, శాశ్వతంగా కేటాయించడం ఉత్తమం. ప్రొజెక్టర్‌లోనే చేత్తో ఐపీ రాసేకన్నా ఇదే మేలు. నెట్‌వర్క్ మారినప్పుడు నిచ్చెన ఎక్కకుండా రౌటర్‌లోనే మార్చుకోవచ్చు. వైర్డ్‌కి ఒక మ్యాక్, వైర్‌లెస్‌కి మరో మ్యాక్ ఉంటాయి. మీరు వాడుతున్నదాన్నే నమోదు చేయాలి.

తర్వాతిది అతి ముఖ్యం: స్టాండ్‌బై సెట్టింగ్. విద్యుత్ ఆదా కోసం ప్రొజెక్టర్లు ఆఫ్ చేయగానే లాన్ భాగాన్ని కూడా నిద్రపుచ్చుతాయి. ఆ స్థితిలో కరెంటు 0.5 వాట్ లోపే ఖర్చవుతుంది, కానీ నెట్‌వర్క్ నుంచి వచ్చే ఏ పిలుపూ దానికి వినపడదు. ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఆఫ్ చేసే ఆదేశం చక్కగా పనిచేస్తుంది, ఆన్ చేసేది అసలు పనిచేయదు. కంపెనీని బట్టి ఈ సెట్టింగ్ పేరు మారుతుంది. నెట్‌వర్క్ స్టాండ్‌బై అనో, కమ్యూనికేషన్ ఆన్ అనో, స్టాండ్‌బై మోడ్ నార్మల్ అనో ఉంటుంది. దాన్ని మార్చాక ప్రొజెక్టర్‌ని ఒకసారి ఆఫ్ చేసి, ఐదు నిమిషాలు ఆగి, కంప్యూటర్ నుంచి పింగ్ చేయండి, అంటే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పిలిచి చూడండి. జవాబు వస్తేనే పని పూర్తయినట్టు. ఆన్‌లో ఉండగా పింగ్ చేసి సంతృప్తి పడితే మర్నాడు పొద్దున చిక్కొస్తుంది.

ఇక పరీక్ష. ప్రత్యేకమైన ప్రోగ్రాం ఏదీ లేకుండానే పీజేలింక్‌ని పరీక్షించొచ్చు. దాని అందమంతా అందులోనే ఉంది. ఆదేశాలు టైప్ చేసి పంపే పుట్టీ అనే సాధనంలో రా మోడ్ ఎంచుకుని, ప్రొజెక్టర్ ఐపీ, 4352 పోర్టు ఇచ్చి కనెక్ట్ చేయండి. విండోస్‌లో టెల్‌నెట్ మొదట ఆపి ఉంటుంది, విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెరిస్తే అదీ పనికొస్తుంది. కనెక్ట్ అవగానే ప్రొజెక్టరే ముందుగా పలకరిస్తుంది: పీజేలింక్ అని, పక్కన 0 అని. ఆ సున్నా అంటే పాస్‌వర్డ్ అక్కర్లేదని. 1 వచ్చి దాని వెనక ఎనిమిది అక్షరాల యాదృచ్ఛిక సంఖ్య ఉంటే పాస్‌వర్డ్ ఉన్నట్టు. పలకరింపు వచ్చిందంటే వైరు, చిరునామా, సెట్టింగ్ మూడూ సరిగా ఉన్నట్టే. కనెక్షన్ వెంటనే తిరస్కరణకు గురైతే పీజేలింక్ మెనూలో ఆపి ఉందని అనుమానించండి. ఎంతసేపటికీ ఏమీ రాక సమయం మించిపోతే చిరునామా తప్పై ఉండాలి, లేదా స్టాండ్‌బైలో లాన్ నిద్రపోయి ఉండాలి, లేదా మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండాలి.

ఆన్ చేసే ఆదేశం ఇలా ఉంటుంది: శాతం గుర్తు, 1, వెంటనే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పీఓడబ్ల్యూఆర్, ఒక ఖాళీ, 1. చివరి అంకె 0 అయితే ఆఫ్. అంకె బదులు ప్రశ్నార్థకం పెడితే ప్రస్తుత స్థితి చెబుతుంది. ఆదేశం చివర క్యారేజ్ రిటర్న్, అంటే 13వ నంబరు అక్షరం, తప్పనిసరి. లినక్స్‌లో నెట్‌క్యాట్ అనే అలాంటి సాధనంతో టైప్ చేసి ఎంటర్ కొడితే వెళ్లేది లైన్ ఫీడ్ మాత్రమే. ప్రొజెక్టర్ ఆదేశం ఇంకా పూర్తి కాలేదనుకుని మౌనంగా ఎదురుచూస్తుంది, మీరేమో ప్రొజెక్టర్ పాడైందనుకుంటారు. నెట్‌క్యాట్ వాడేవాళ్లు ఆదేశాన్ని ప్రింట్ఎఫ్ అనే కమాండ్‌తో తయారుచేసి పంపాలి. అందులో శాతం గుర్తుని రెండుసార్లు రాయాలన్నది మరవకండి.

స్థితి అడిగితే వచ్చే జవాబు నాలుగు రకాలు. 0 అంటే స్టాండ్‌బై, 1 అంటే వెలుగుతోంది, 2 అంటే చల్లబడుతోంది, 3 అంటే వేడెక్కుతోంది. ఈ 2, 3 అంకెలను పట్టించుకోకపోవడం వల్లే సొంతంగా స్క్రిప్ట్ (ఆదేశాలను వరుసగా పంపే చిన్న ప్రోగ్రాం) రాసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది పడతారు. ఆన్ ఆదేశం పంపిన మరుక్షణమే ఇన్‌పుట్ మార్చమంటే ప్రొజెక్టర్ ఎర్రర్ 3 అంటుంది, అంటే ఇప్పుడు కుదరదని. స్క్రిప్ట్ ఆ జవాబును చదవకుండా ముందుకు పోతుంది. తీరా చూస్తే తెర మీద నిన్నటి ఇన్‌పుటే ఉంటుంది. సరైన పద్ధతి ఒక్కటే. ఆన్ చేయాలి, మూడు నాలుగు సెకన్లకోసారి స్థితి అడగాలి, 1 వచ్చాకే ఇన్‌పుట్ మార్చాలి. స్క్రిప్ట్‌లో ముప్పై సెకన్లు ఆగమని గుడ్డిగా రాయడం మంచిది కాదు. లేజర్ ప్రొజెక్టర్‌కి అంత సమయం అక్కర్లేదు. పాత దీపపు ప్రొజెక్టర్‌కి, అదీ అప్పుడే ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తుంటే, అది చాలదు కూడా. చల్లబడుతున్నప్పుడు పంపిన ఆన్ ఆదేశానికీ ఎర్రర్ 3నే వస్తుంది. ఆ సమయంలో విసుగొచ్చి గోడ స్విచ్ ఆపేయడం దీపానికి చేటు.

ఇన్‌పుట్ నంబర్లలో మరో చిక్కుంది. మొదటి అంకె రకాన్ని చెబుతుంది: 1 అంటే ఆర్‌జీబీ, 2 అంటే వీడియో, 3 డిజిటల్, 4 స్టోరేజ్, 5 నెట్‌వర్క్. రెండో అంకె ఆ రకంలో ఎన్నోదో. హెచ్‌డీఎంఐ డిజిటల్ రకమే కాబట్టి మొదటిది 31 అయి ఉండాలని అనిపిస్తుంది. అన్ని ప్రొజెక్టర్లలో అలా ఉండదు. కొన్నింటిలో అది 32 కావచ్చు. ఊహించకుండా ప్రొజెక్టర్‌నే అడగాలి. ఐఎన్ఎస్‌టీ అనే ఆదేశానికి ప్రశ్నార్థకం తగిలిస్తే తనకున్న ఇన్‌పుట్ నంబర్ల జాబితా ఇస్తుంది. ఒక్కొక్కటీ రిమోట్‌తో మార్చి చూసి, ఏది ఏ సాకెట్టో కాగితం మీద రాసిపెట్టుకోండి.

తెరను నల్లగా చేసే ఆదేశం ఏవీఎంటీ. 31 ఇస్తే బొమ్మ, ధ్వని రెండూ ఆగుతాయి, 30 ఇస్తే తిరిగొస్తాయి. ఉపన్యాసం మధ్యలో కాసేపు ఆపడానికి ఇది మంచిదే గానీ ఆఫ్‌కి ప్రత్యామ్నాయం కాదు. దీపపు ప్రొజెక్టర్‌లో తెర నల్లగా ఉన్నా లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది, గంటలు లెక్కకెక్కుతూనే ఉంటాయి.

పీజేలింక్‌లో మాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆన్, ఆఫ్ కాదు. ఈఆర్ఎస్‌టీ అనే ప్రశ్న. జవాబుగా ఆరంకెలు వస్తాయి. వరుసగా ఫ్యాను, దీపం, ఉష్ణోగ్రత, మూత తెరిచి ఉండటం, ఫిల్టర్, ఇతరాలు. ఒక్కో అంకె 0 అయితే బాగుంది, 1 అయితే హెచ్చరిక, 2 అయితే లోపం. ఐదో స్థానంలో 1 వచ్చిందంటే ఫిల్టర్ సంగతి చూడమని అర్థం. దాన్ని పట్టించుకోకపోతే గాలి ఆడక కొన్నాళ్లకు మూడో స్థానంలో 1 వస్తుంది, ఆ తర్వాత ప్రొజెక్టర్ కార్యక్రమం మధ్యలో తనంతట తానే ఆగిపోతుంది. రోజుకోసారి ఈ ఆరంకెలు చదివి, సున్నా కానిది కనిపిస్తే మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ ఒక్కటి పెట్టుకుంటే మధ్యలో ఆగిపోయే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. దానికి తోడు దీపం గంటలు చెప్పే ప్రశ్న ఉంది. ఒకటికి మించి దీపాలున్న ప్రొజెక్టర్లలో ఒక్కోదానికీ విడిగా లెక్క ఇస్తుంది. దీపమే లేని లేజర్ యంత్రాల్లో కొన్ని ఇదే ప్రశ్నకు ఎర్రర్ 1 ఇస్తాయి. అది లోపం కాదు, కంగారు పడకండి.

కనెక్షన్ల విషయంలో జాగ్రత్త అవసరం. చాలా ప్రొజెక్టర్లు ఒకేసారి ఒకరితోనే మాట్లాడతాయి. ఒక పర్యవేక్షణ ప్రోగ్రాం కనెక్షన్ పట్టుకుని కూర్చుంటే మీ ఆన్ బటన్‌కి దారి దొరకదు. ముప్పై సెకన్లపాటు మాటామంతీ లేకపోతే ప్రొజెక్టరే కనెక్షన్ తెంచేస్తుంది. కాబట్టి తెరిచిన కనెక్షన్‌ని పొద్దస్తమానం వాడదామనుకోకండి. తెరవడం, అడగడం, మూసేయడం, ఇదే దీనికి తగిన లయ. ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్‌లో పీజేలింక్ ఇంటిగ్రేషన్ ఉంది, వేదిక పరికరాలను బటన్లతో నడిపే బిట్‌ఫోకస్ కంపానియన్‌లో మాడ్యూల్ ఉంది, పైథాన్ భాషలో రాసేవాళ్లకు పైపీజేలింక్ అనే లైబ్రరీ ఉంది. ఏది వాడినా ఒక ప్రొజెక్టర్‌ని ఒకటే అడిగేలా చూసుకోండి. రెండు పెడితే అప్పుడప్పుడూ పనిచేసి, అప్పుడప్పుడూ చేయని జబ్బు పట్టుకుంటుంది. దాని మూలం కనుక్కోవడం చాలా కష్టం.

భద్రత దీని బలహీనత. పాస్‌వర్డ్ పెడితే ప్రొజెక్టర్ ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్యను, మీ పాస్‌వర్డ్‌ను కలిపి ఎండీ5 అనే సంకేత పద్ధతిలో లెక్క కట్టి, వచ్చిన 32 అక్షరాలను ఆదేశం ముందు తగిలించి పంపాలి. ప్రతి కనెక్షన్‌కీ సంఖ్య మారుతుంది కాబట్టి పాత లెక్కను దాచుకుని వాడటం కుదరదు. తప్పైతే ఎర్రర్ ఏ అని వస్తుంది. పాస్‌వర్డ్ నేరుగా వైరు మీద వెళ్లదు, అంతవరకు మేలు. కానీ ఎండీ5 ఎప్పుడో పాతబడింది, ఆదేశాలేమో ఏ గుప్తీకరణా లేకుండా వెళ్తాయి. పాస్‌వర్డ్ లేకపోతే అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా మీ సభ మధ్యలో ప్రొజెక్టర్‌ని ఆపేయగలరు. ప్రొజెక్టర్లన్నిటినీ అతిథుల వైఫైకి దూరంగా విడి వీలాన్‌లో, అంటే నెట్‌వర్క్‌లోనే వేరుచేసిన భాగంలో పెట్టి, కంట్రోల్ చేసే కంప్యూటర్‌కి మాత్రమే 4352 పోర్టు తెరవండి. ఇంటర్నెట్‌కి మాత్రం ఈ పోర్టును ఎప్పుడూ తెరవకూడదు.

పీజేలింక్‌లో క్లాస్ 1, క్లాస్ 2 అని రెండు అంచెలున్నాయి. పైన చెప్పినవన్నీ క్లాస్ 1 సంగతులు. క్లాస్ 2లో బొమ్మను కదలకుండా నిలిపేయడం, ధ్వనిని ఒక్కో మెట్టు పెంచడం తగ్గించడం, సీరియల్ నంబర్, ఫిల్టర్ గంటలు, వస్తున్న సిగ్నల్ రిజల్యూషన్, ఇన్‌పుట్ పేరు తెలుసుకోవడం చేరాయి. ఇన్‌పుట్ పేరు అడిగే వీలు ఒక్కటి చాలు, నంబర్ల గందరగోళం తీరిపోతుంది. నెట్‌వర్క్‌లో ఏయే ప్రొజెక్టర్లున్నాయో అందరికీ ఒకేసారి పంపే యూడీపీ కేకతో వెతకొచ్చు. ఆ కేక సబ్‌నెట్, అంటే మీరున్న నెట్‌వర్క్ భాగం, దాటి వినపడదు. స్థితి మారినప్పుడు ప్రొజెక్టరే కబురు పంపే ఏర్పాటు కూడా ఉంది, కానీ కంప్యూటర్ ఫైర్‌వాల్ యూడీపీ 4352ని లోపలికి రానివ్వాలి. పది ప్రొజెక్టర్లు దాటితే క్లాస్ 2 ఉన్నవే కొనండి.

ఇక పీజేలింక్ చేయలేని పనుల మాట. లెన్స్ షిఫ్ట్, జూమ్, కీస్టోన్, ప్రకాశం, ఆస్పెక్ట్, ఇవేవీ ఇందులో లేవు. వాటికి కంపెనీ సొంత భాషే గతి. ఎప్సన్ 3629 పోర్టు మీద, సోనీ (దాని భాష పేరు ఏడీసీపీ) 53595 మీద, పానసోనిక్ 1024 మీద, ఎన్ఈసీ 7142 మీద, జేవీసీ 20554 మీద వింటాయి. అన్నీ ఒకే కంపెనీ ప్రొజెక్టర్లయితే ఆ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ పీజేలింక్ కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఎప్సన్ ప్రొజెక్టర్ మేనేజ్‌మెంట్, ఎన్ఈసీ నావీసెట్ అడ్మినిస్ట్రేటర్ అలాంటివే. కలగాపులగంగా ఉన్నచోట పీజేలింక్‌దే పైచేయి.

లాన్ లేని పాత ప్రొజెక్టర్‌కి ఆర్ఎస్-232 సీరియల్ వైరు ఇప్పటికీ నమ్మకమైన దారి. 1960 నాటి ప్రమాణమే అయినా చిరునామాలు, పాస్‌వర్డ్‌ల తలనొప్పి లేదు. దాని తలనొప్పులు వేరే. మొదటిది వైరు రకం. కొన్నింటికి నేరు వైరు, కొన్నింటికి 2, 3 పిన్నులు తారుమారైన నల్ మోడెమ్ వైరు కావాలి. రెండోది వేగం, సెకనుకు బిట్లలో. ఎప్సన్‌ది 9600, జేవీసీది 19200, సోనీ ప్రొజెక్టర్లు చాలావాటిలో 38400, పైగా ఈవెన్ పారిటీ అనే తప్పులు పట్టే సెట్టింగ్. వీటిలో ఒక్కటి తప్పినా జవాబే రాదు, లేదా చెత్త అక్షరాలు వస్తాయి. పదిహేను మీటర్లు దాటితే సీరియల్ వైరును నమ్మకూడదు. యూఎస్‌బీ అడాప్టర్ కొనేటప్పుడు ఎఫ్‌టీడీఐ కంపెనీ అసలైన చిప్ ఉన్నది తీసుకోండి. నకిలీ చిప్‌లు డ్రైవర్ అప్‌డేట్ తర్వాత మొరాయిస్తాయి. హెచ్‌డీఎంఐ వైరులోనే ఆదేశాలు పంపే సీఈసీ పద్ధతితో కంప్యూటర్ నుంచి ఆన్ చేద్దామనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోవాలి. మామూలు గ్రాఫిక్స్ కార్డులు సీఈసీ సంకేతాలు పంపవు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పంపుతుంది.

బొమ్మ సంగతి క్లుప్తంగా. విండోస్ మీట, పీ కలిపి నొక్కితే డూప్లికేట్, ఎక్స్‌టెండ్ ఎంపికలు వస్తాయి. డూప్లికేట్‌లో ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ రెండూ ఒకే రిజల్యూషన్‌కి దిగాలి కాబట్టి బొమ్మ మసకబారొచ్చు. ఎక్స్‌టెండ్ పెట్టి ప్రొజెక్టర్‌కి దాని సహజ రిజల్యూషన్ ఇవ్వండి. వైర్‌లెస్‌కి విండోస్ మీట, కే. అది మిరాకాస్ట్ అనే వైర్‌లెస్ పద్ధతి, ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో పనిచేయదు. స్లైడ్లకు వైర్‌లెస్ బాగానే ఉంటుంది. వీడియోకి, మౌస్ కదిలిస్తూ చూపే పనులకు ఆలస్యం విసిగిస్తుంది. 4కే 60 ఫ్రేములను అయిదారు మీటర్లకు మించి మామూలు హెచ్‌డీఎంఐ వైరుతో తీసుకెళ్లడం అదృష్టం మీద ఆధారపడిన పని. అంతకు మించితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వైరు వేయండి. దానికి దిశ ఉంటుంది, సోర్స్ అని రాసిన చివర కంప్యూటర్ వైపు రావాలి. గోడలో తిరగేసి పాతేశాక తెలిస్తే మళ్లీ గోడ తవ్వాల్సిందే. అందుకని లోపలికి దూర్చే ముందు రెండు చివరలూ తగిలించి బొమ్మ చూడండి.

కొనబోయే ప్రొజెక్టర్ వివరాల పత్రంలో నెట్‌వర్క్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. చవక మోడళ్లలో వైఫై ఉంటుంది, అది యాప్‌ల కోసమే, ఆదేశాలు వినదు. ఆర్‌జే45 సాకెట్ ఉందా, పీజేలింక్ అని స్పష్టంగా రాశారా, ఏ క్లాస్, స్టాండ్‌బైలో లాన్ మేల్కొని ఉంటుందా, ఆ స్థితిలో ఎన్ని వాట్లు తీసుకుంటుంది, ఈ ఐదూ చూడండి. క్లాస్ సంగతి పత్రంలో లేకపోతే దుకాణంలో ప్రొజెక్టర్ ఆన్ చేసి ఉన్నప్పుడే లాన్ తగిలించి, సీఎల్ఎస్ఎస్ అనే ఆదేశానికి ప్రశ్నార్థకం చేర్చి అడగండి. 1 అంటుందో 2 అంటుందో ప్రొజెక్టరే చెబుతుంది.